కారు అద్దానికి చిక్కని నార్త్ యార్క్

టొరంటో మహానగరం పేరు చెప్పగానే కళ్లముందు కదిలే ఛాయాచిత్రాలలో ఎక్కువ భాగం ఆంటారియో సరస్సు ఒడ్డున ఉన్న నాలుగైదు దృశ్యాలకే పరిమితమై ఉంటాయి. 1976లో ప్రజలకు ద్వారాలు తెరిచిన, 553 మీటర్ల ఎత్తున్న సీఎన్ టవర్, దాని చుట్టూ బారులు తీరిన గాజు భవనాలు, ఎదురుగా ఉన్న దీవుల మీదినుంచి కనిపించే నగర రేఖ మాత్రమే ప్రపంచానికి టొరంటోగా పరిచయమయ్యాయి. ఆ ఒడ్డుకు ఉత్తరాన, యంగ్ వీధికి ఇరుపక్కలా విస్తరించిన నార్త్ యార్క్‌లో లక్షల మంది నివసిస్తున్నా, వారిలో చాలామంది చేతి ఫోన్లలో తాము రోజూ తిరిగే ప్రాంతపు చిత్రం ఒక్కటైనా ఉండదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల సంగతీ ఇంతే. విజయవాడకో వరంగల్‌కో పంపే ఫోటోలలో నయాగరా జలపాతం తప్పకుండా ఉంటుంది గానీ, తమ అపార్ట్‌మెంటు వెనుక పది నిమిషాల నడక దూరంలో పారే డాన్ నది ఉండదు.

ఈ నిర్లక్ష్యానికి కారణం ఆ ప్రాంతం పెరిగిన తీరులోనే ఉంది. 1922లో యార్క్ టౌన్‌షిప్ నుంచి, అంటే గ్రామాల సముదాయాన్ని పాలించే స్థానిక సంస్థ నుంచి, విడిపోయి ఏర్పడిన నార్త్ యార్క్ అప్పటికి రైతుల నేల. 1967లో అది బరోగా, అంటే నగరానికి ఒక మెట్టు కిందిదైన పట్టణ పాలనా ప్రాంతంగా, 1979 ఫిబ్రవరి 14న నగరంగా ఎదిగి, 1998 జనవరి 1న టొరంటోలో విలీనమైంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పొలాలు ఇళ్ల స్థలాలుగా మారిన ఆ రెండు మూడు దశాబ్దాలలో వీధులను, దుకాణ సముదాయాలను, ఇళ్ల వరుసలను నిర్ణయించినది కారు ప్రయాణమే. 401వ నంబరు రహదారి ఈ ప్రాంతాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయింది; 1961 నుంచి 1966 మధ్య దశలవారీగా ప్రారంభమైన డాన్ వ్యాలీ పార్క్‌వే నదీలోయ వెంట నిలువునా సాగింది. గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో సాగే వాహనంలోని మనిషికి రోడ్డు అంచున ఉన్న చెట్ల గుంపు ఒక పచ్చని చారగా మాత్రమే తోస్తుంది. ఆ చెట్ల అవతల నేల ఇరవై ముప్పై మీటర్లు లోతుకు దిగిందని గానీ, అడుగున నీరు పారుతోందని గానీ తెలిసే అవకాశం లేదు. నార్త్ యార్క్ అందమంతా దాదాపుగా ఈ విధంగా కంటికి అందే మట్టానికి కింద, లేదా వేగానికి అవతల ఉండిపోయింది.

ఆ పల్లాలను స్థానికులు రవీన్లు అంటారు. రవీన్ అంటే వాగు కోసిన, ఏటవాలు గట్లతో కూడిన ఇరుకైన లోయ. సుమారు 12,000 ఏళ్ల కింద, చివరి మంచుయుగపు హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు అవి వదిలిపోయిన ఇసుక, బంకమట్టి పొరలను వాగులు కోయడం మొదలుపెట్టగా ఏర్పడిన ఈ లోయలు నేటి టొరంటో నగర విస్తీర్ణంలో సుమారు 17 శాతాన్ని ఆక్రమించి ఉన్నాయి. నార్త్ యార్క్‌లో తూర్పు డాన్, పశ్చిమ డాన్ అనే రెండు పాయలు, పడమటి అంచున హంబర్ నది, దానిలో కలిసే బ్లాక్ క్రీక్ ఈ లోయలకు వెన్నెముకగా నిలిచాయి. లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ గ్రేవ్స్ సిమ్‌కో భార్య ఎలిజబెత్ సిమ్‌కో 1790లలో ఈ ప్రాంతాన్ని నీటిరంగులలో చిత్రించింది. ఫోటోగ్రఫీ పుట్టకముందే ఒకరు ఈ నేలను చూడదగినదిగా గుర్తించి రికార్డు చేశారన్న సంగతి, ఇప్పుడు కెమెరా పట్టుకొని బయలుదేరే వారికి ఒక వంశక్రమాన్ని ఇస్తుంది.

ఈ లోయలు భవనాల కింద కప్పబడిపోకుండా మిగలడానికి మూలం ఎవరి సౌందర్యదృష్టీ కాదు, ఒక విపత్తు. 1954 అక్టోబరు 15 రాత్రి హేజల్ తుపాను ఆంటారియో రాష్ట్రపు దక్షిణ భాగం మీద విరుచుకుపడినప్పుడు, అప్పటికే వానలతో నానిపోయి ఉన్న నేల నీటిని పీల్చుకోలేకపోయింది. హంబర్, డాన్ నదులు కొన్ని గంటలలోనే పొంగాయి. ఆంటారియోలో 81 మంది మరణించారు. వారిలో 35 మంది హంబర్ ఒడ్డున ఉన్న రేమోర్ డ్రైవ్ అనే ఒక్క వీధివారు. వరద మైదానంలో, అంటే నది పొంగినప్పుడు నీరు పరుచుకొనే పల్లపు నేలలో, ఇళ్లు కట్టడమే ఈ ప్రాణనష్టానికి కారణమని తేలిన తరువాత, 1957లో మెట్రోపాలిటన్ టొరంటో ప్రాంతీయ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ లోయ భూములను కొని, వాటిలో నివాసాలను నిషేధించి, ఉద్యానవనాలుగా మార్చింది. పశ్చిమ డాన్ వరదను అదుపు చేయడానికి 1973లో నిర్మించిన జి. రాస్ లార్డ్ ఆనకట్ట, దాని వెనుక డఫరిన్, ఫించ్ వీధుల కూడలి దగ్గర ఉన్న జలాశయం ఈ ప్రణాళికలో భాగమే. ఇప్పుడు అక్కడ నీటి పక్షులను ఫోటో తీయడానికి వచ్చేవారు నిజానికి ఒక వరద నివారణ కట్టడం ఒడ్డున నిలబడుతున్నారు. ఈ చరిత్ర తెలిసిన కన్ను, పచ్చికలో ఇళ్లు లేని వెడల్పాటి ఖాళీని చూసినప్పుడు అక్కడ ఏమి లేదో కూడా చూడగలుగుతుంది. ఛాయాచిత్రకారుడికి ఇది చిన్న లాభం కాదు.

లోయలో ఫోటో తీయడానికి మొదట అర్థం చేసుకోవలసినది వెలుతురు నడిచే తీరు. నార్త్ యార్క్ దాదాపు 43.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి సుమారు 23 డిగ్రీల ఎత్తు దాటడు. అదే రోజున హైదరాబాదులో ఆ ఎత్తు 49 డిగ్రీలు. తెలుగునాట ఉదయం, సాయంత్రం ఒక గంటసేపు మాత్రమే దొరికే ఏటవాలు కాంతి, చలికాలపు నార్త్ యార్క్‌లో ఆకాశం తేటగా ఉంటే దాదాపు పగలంతా లభిస్తుంది. ఆ కాంతిలో ఎర్ర ఓక్, షుగర్ మేపుల్ చెట్ల బెరడు మీది ప్రతి గాడీ నీడతో సహా తేలుతుంది, మంచు మీద మొద్దుల నీడలు పొడవుగా సాగుతాయి. అయితే లోతైన లోయల అడుగుకు ఈ కాంతి చాలాసేపు చేరదు గనుక, తూర్పు గట్టుకు ఎండ ఎప్పుడు తగులుతుందో, పడమటి గట్టుకు ఎప్పుడు తగులుతుందో అదే చోటికి పదేపదే వెళ్లినవారికే తెలుస్తుంది. దూరపు వింతను ఒక్కసారి చూసి వచ్చే యాత్రికుడికి లేని వెసులుబాటు, చేరువలో నివసించేవారికి ఉన్న అసలైన బలం ఇదే.

మంచును తీయడంలో ఒక సాంకేతిక చిక్కు ఉంది. కెమెరాలోని వెలుతురు కొలమానం తన ఎదుట ఉన్న దృశ్యమంతా సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందన్న అంచనాతో పనిచేస్తుంది. అందువల్ల తెల్లటి మంచుతో నిండిన దృశ్యాన్ని అది అతిగా వెలుగుతున్నదిగా పొరబడి, కాంతిని తగ్గించి, మంచును మురికిపట్టిన బూడిదలా చూపిస్తుంది. దీన్ని సరిదిద్దడానికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే సదుపాయంతో, అంటే కెమెరా లెక్కకు పైన కావాలని అదనపు కాంతిని జోడించే మీటతో, ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా పెంచాలి. ఒక స్టాపు అంటే కాంతి రెట్టింపు కావడం. నేటి ఫోన్లలో తెరను తాకి వేలు పైకి జరిపితే జరిగేది కూడా ఇదే. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కాబట్టి రెండోదాన్ని కోటు లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోవడం, ఇంట్లోకి రాబోయే ముందు కెమెరాను గాలి చొరని సంచిలో మూసి ఉంచి గది వేడికి నెమ్మదిగా అలవాటు చేయడం అక్కడి ఫోటోగ్రాఫర్లకు నిత్యకృత్యం.

సెప్టెంబరు, అక్టోబరు నెలలలో తూర్పు డాన్ పార్క్‌ల్యాండ్‌లో ఎదురయ్యే దృశ్యం మరొక రకమైనది. ఆంటారియో సరస్సులో ఒకప్పుడు సమృద్ధిగా ఉండి, మర ఆనకట్టలు, అడవుల నరికివేత, అతివేట కారణంగా 1898 నాటికి అంతరించిన అట్లాంటిక్ సామన్ స్థానంలో, 1960ల చివరి నుంచి పసిఫిక్ మహాసముద్రపు జాతి అయిన చినూక్ సామన్‌ను సరస్సులో వదిలారు. గుడ్లు పెట్టే కాలంలో ఆ చేపలు నగరం మధ్య నుంచి ఎదురీదుతూ షెపర్డ్, ఫించ్ వీధుల మధ్య ఉన్న ఈ పాయ దాకా వస్తాయి. లోతు తక్కువ నీటిలో, వీపు రెక్క నీటిపైకి తేలగా, పెద్ద చేప గులకరాళ్ల మీద ఒరుసుకుంటూ ముందుకు తోసుకుపోయే దృశ్యం ఒక వంతెన మీద నిలబడితే కనిపిస్తుంది. నీటి మీది ఆకాశపు మెరుపు చేపను కప్పివేయకుండా, ఒక దిశలో కంపించే కాంతిని అడ్డుకొనే పోలరైజింగ్ ఫిల్టరును కటకం ముందు బిగించి తిప్పుతూ, మెరుపు తొలగిన క్షణాన్ని చూసుకొని తీయాలి. గుడ్లు పెడుతున్న చేపల కోసం నీటిలోకి దిగడం మాత్రం ఎంత గొప్ప ఫోటోకూ తగని మూల్యం.

పశ్చిమ డాన్ యంగ్ వీధిని దాటే హాగ్స్ హాలో లోయ, పైకి చూడటానికి పెద్ద చెట్లూ సంపన్నుల ఇళ్లూ ఉన్న ప్రశాంత స్థలం. 1960 మార్చి 17న ఆ నది అడుగున నీటి గొట్టం కోసం తవ్వుతున్న సొరంగంలో మంటలు చెలరేగి ఇటలీ నుంచి వలస వచ్చిన అయిదుగురు కార్మికులు మరణించారు. ఆ దుర్ఘటన ఆంటారియోలో కార్మిక భద్రతా చట్టాల సంస్కరణకు దారితీసింది. యాభై ఏళ్ల తరువాత, 2010లో, లారీ స్విమ్ అనే కళాకారిణి బట్ట ముక్కలతో కుట్టిన పెద్ద స్మారక చిత్రాన్ని యార్క్ మిల్స్ సబ్‌వే స్టేషన్‌లో నెలకొల్పారు. ప్రతిరోజూ ఎంతోమంది దాని ముందు నుంచి నడిచిపోతారు, ఆగేవారు అరుదు. వలసవచ్చినవారి శ్రమతో వేసిన గొట్టాల నీటినే తరువాతి వలసజనం తాగుతున్నారన్న ఎరుకతో ఆ కుట్టుపనిని దగ్గరగా తీసిన ఒక చిత్రం, తెలుగు కార్మికులు, ఇంజనీర్లు ప్రపంచమంతా చెదిరి ఉన్న ఈ కాలంలో తెలుగు పాఠకులకు కూడా చేరవలసినదే.

డాన్ వ్యాలీ పార్క్‌వే మీద ఉత్తరానికి వెళ్లేవారికి కుడిపక్కన, పల్లంలో, ఒక ఇంద్రధనుస్సు రంగుల విల్లు రెండు మూడు క్షణాలపాటు కనిపించి మాయమవుతుంది. అది మొకాసిన్ ట్రెయిల్ పార్క్ దగ్గరి ఒక కాలిబాట సొరంగపు ముఖద్వారం. 1972లో నార్వేకు చెందిన బెర్గ్ జాన్సన్ అనే పదహారేళ్ల యువకుడు, రోడ్డు ప్రమాదంలో మరణించిన స్నేహితురాలి జ్ఞాపకార్థం ఆ వంపు మీద రంగులు వేశాడు. నగర సిబ్బంది దాన్ని బూడిద రంగుతో కప్పినప్పుడల్లా అతడు మళ్లీ వచ్చి వేశాడు. ఈ పంతం ఏళ్ల తరబడి సాగింది. చివరకు 2012లో మ్యూరల్ రూట్స్ అనే కుడ్యచిత్రాల సంస్థ స్థానిక యువతతో కలిసి ఆ విల్లును పునరుద్ధరించి, సొరంగం లోపలి గోడలను కూడా చిత్రాలతో నింపింది. టొరంటోలో పెరిగిన పీటర్ డోయిగ్ అనే చిత్రకారుడు 1999లో ఆ దృశ్యాన్ని రహదారి మీది నుంచి కనిపించే విధంగానే పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. 2014లో లండన్ వేలంలో అది 80 లక్షల పౌండ్లకు పైగా ధర పలికింది. ఆ చిత్రాన్ని కొనగలిగినవారు ప్రపంచంలో కొద్దిమందే గానీ, దానికి మూలమైన విల్లు కింద నిలబడటానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు. రహదారి నుంచి చూసినప్పుడు చదునైన రంగుల కమానుగా తోచే ఆ విల్లు, దగ్గరకు వెళ్లినప్పుడు కాంక్రీటు గరుకుతనంతో, పొరలు పొరలుగా ఊడి మళ్లీ పూసిన రంగుతో, తడి నేల మీద పడే ప్రతిబింబంతో వేరే వస్తువుగా మారుతుంది.

నిలబడే చోటు దృశ్యాన్ని ఎంతగా మారుస్తుందో నేర్పే మరొక స్థలం నేలకింద ఉంది. 2002 నవంబరులో ప్రారంభమైన షెపర్డ్ సబ్‌వే మార్గంలోని బేవ్యూ స్టేషన్‌లో పాన్యా క్లార్క్ ఎస్పినాల్ రూపొందించిన చిత్రాలు గోడల మీద, నేల మీద వంకరటింకర గీతలుగా సాగి, ఒక నిర్దిష్టమైన చోట నిలిచినప్పుడు మాత్రమే కలిసిపోయి నిత్యజీవితపు వస్తువులుగా, జ్యామితి రూపాలుగా నిలువున లేస్తాయి. ఒకే కోణం నుంచి మాత్రమే సరైన ఆకారం కనిపించే ఇటువంటి చిత్రణను అనామార్ఫోసిస్ అంటారు. ఇది యూరపు చిత్రకారులు అయిదు వందల ఏళ్లుగా ఎరిగిన విద్య. ఆ తరువాతి బెసారియన్ స్టేషన్, ప్రయాణికులు అతి తక్కువగా ఉండే స్టేషన్లలో ఒకటి గనుక, తీరికగా చూడటానికి అనువైనది. అక్కడ సిల్వీ బెలాంజే నడిచేవారి పాదాలను, చేతులను, వెనుక నుంచి కనిపించే తలలను ఛాయాచిత్రాల వరుసగా అమర్చింది. లెస్లీ స్టేషన్‌లో మైకా లెక్సియర్ సుమారు 3,400 మంది స్థానికుల చేత ఆ కూడలి పేరును చేతిరాతతో రాయించి, ఆ రాతలను సుమారు 17,000 పలకల మీద ముద్రించి గోడలకు అతికించాడు. బడిపిల్లల గుండ్రటి అక్షరాల పక్కన వణికే చేతుల అక్షరాలు నిలిచిన ఆ గోడను పలక పలకగా తీసినవారికి, ఒక పేట ప్రజల సమూహచిత్రం ఒక్క ముఖమైనా లేకుండా దొరుకుతుంది. ఫ్లాష్ లేకుండా, ట్రైపాడ్ పెట్టకుండా, ప్రయాణికుల దారికి అడ్డురాకుండా పనిచేయడం ఇక్కడి మర్యాద.

విన్‌ఫర్డ్ డ్రైవ్ మీద 2014 సెప్టెంబరులో ప్రారంభమైన జంట కట్టడాలలో ఒకటి తెలుగు నేలతో నేరుగా ముడిపడి ఉంది. తెల్లటి బ్రెజిల్ గ్రానైటుతో ఆగాఖాన్ మ్యూజియాన్ని నిర్మించిన వాస్తుశిల్పి జపానుకు చెందిన ఫుమిహికో మాకి కాగా, దానికి ఎదురుగా ఉన్న ఇస్మాయిలీ సెంటరును రూపొందించినవాడు 1930లో సికిందరాబాదులో పుట్టిన చార్లెస్ కొరియా. పొరలుగా అమర్చిన గాజుతో కొరియా కట్టిన ప్రార్థనా మందిరపు కప్పు, చీకటిపడే వేళ లోపలి దీపాలతో వెలిగి, రెండు భవనాల మధ్య ఉన్న నీటి కొలనులలో తలకిందులుగా కనిపిస్తుంది. మాకి కట్టడంలోని నడిమి ప్రాంగణం చుట్టూ ఉన్న గాజు మీద అల్లికల నమూనా ఉండటం వల్ల, ఎండ కదిలేకొద్దీ దాని నీడలు నేల మీద జరుగుతూ ఉంటాయి. ఇవి వెలిసిన చోట అంతకుముందు జాన్ బి. పార్కిన్ 1960లలో నిర్మించిన బాటా చెప్పుల కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. ఆధునిక వాస్తుకళకు మేలైన ఉదాహరణగా పేరు పొందిన ఆ భవనాన్ని 2007లో కూల్చివేశారు. ఇప్పుడు అది ఛాయాచిత్రాలలోనే ఉంది.

ఇటువంటి నష్టాన్ని ఎదుర్కోగలిగినది ఓపికగా సాగే నమోదు ఒక్కటే. 1911 నుంచి 1940 దాకా టొరంటో నగర అధికారిక ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన ఆర్థర్ గాస్ మురుగుకాలువలను, వంతెన పనులను, పేదల పెరళ్లను తీసిన చిత్రాలు నేడు నగర చరిత్రకు పునాదిగా నిలిచాయి. గాస్ వాటిని అందం కోసం తీయలేదు. అయినా వాటిలో ఉన్న అందం కాదనలేనిది. హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ నిజాము కొలువును తీసిన చిత్రాలు ఎంత ప్రసిద్ధమైనా, నగరం చుట్టూ ఉన్న కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లను తీయదగినవిగా జనం గుర్తించడానికి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడి, నడకలూ ప్రదర్శనలూ జరపవలసి వచ్చింది. టొరంటోలో ఆ పాత్రను 1995లో హెలెన్ మిల్స్ ప్రారంభించిన లాస్ట్ రివర్స్ నడకలు, నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ స్మారకంగా 2007 నుంచి మే నెలలో జరిగే జేన్స్ వాక్ నిర్వహిస్తున్నాయి. కొత్తగా వచ్చినవారు ఊరిని నేర్చుకోవడానికి ఇంతకు మించిన బడి లేదు.

నమోదు కావలసినవాటిలో అపార్ట్‌మెంటు టవర్లు మొదటి వరుసలో ఉన్నాయి. 1960, 70లలో కట్టిన ఈ కాంక్రీటు భవనాలను వికారమైనవిగా కొట్టిపారేయడం పరిపాటి గానీ, ఎస్టోనియాలో పుట్టిన ఊనో ప్రీ జేన్ వీధిలో ఎక్స్‌బరీ రోడ్డు దగ్గర నిర్మించిన టవర్లను ఒకసారి తలెత్తి చూసినవారు ఆ మాట అనరు. వేల కుటుంబాల మొదటి కెనడా చిరునామా ఇటువంటి భవనాలే కావడం వల్ల, వాటి బాల్కనీలలో ఆరేసిన బట్టలు, కుండీలలో పెంచిన మిరప మొక్కలు వలసచరిత్రకు సాక్ష్యాలు. అయితే బాల్కనీ ఒకరి ఇంటిలో భాగం గనుక, మనుషులు గుర్తుపట్టేలా ఉన్నప్పుడు వారి సమ్మతి అడగకుండా తీయరాదు. భవనాల నడుమ విద్యుత్ స్తంభాల కింద సాగే హైడ్రో కారిడార్లు, అంటే అధిక వోల్టేజీ తీగల కోసం ఖాళీగా వదిలిన పొడవాటి నేలలు, సరిగ్గా బతుకమ్మ రోజులలోనే గోల్డెన్‌రాడ్ పసుపుతో, ఆస్టర్ పూల ఊదారంగుతో నిండి, తంగేడు పూసిన తెలంగాణ గట్లను తలపిస్తాయి. నగర ఉద్యానవనాలలో పూలు కోయడం నిషిద్ధం కనుక, ఆ పసుపును ఇంటికి తెచ్చుకోవడానికి కెమెరాయే సాధనం.

వెంటనే తీయవలసినది మరొకటి ఉంది. డాన్ మిల్స్ రోడ్డు మీద 1969లో ప్రారంభమైన ఆంటారియో సైన్స్ సెంటరును రూపొందించిన వాస్తుశిల్పి రేమండ్ మొరియామా, బాల్యంలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, జపాను మూలాలున్న కారణంగా బ్రిటిష్ కొలంబియాలోని స్లోకన్ నిర్బంధ శిబిరంలో గడిపినవాడు. అక్కడే చెట్టు మీద ఒక చిన్న ఇల్లు కట్టుకున్నవాడు. ఆ తరువాత అతడు సైన్స్ సెంటరును గట్టు మీద ఒక దిమ్మెగా నిలపకుండా, రవీన్ ఏటవాలును నరికి చదును చేయకుండా, మూడు భాగాలుగా విడదీసి వంతెనతో, మెట్లతో, ఎస్కలేటర్లతో లోయ అడుగు దాకా దించాడు. పైకప్పు పలకల స్థితి ప్రమాదకరంగా ఉందన్న కారణంతో ప్రభుత్వం 2024 జూన్ 21న దాన్ని హఠాత్తుగా మూసివేసింది. దానికి ముందటి సంవత్సరమే మొరియామా కన్నుమూశాడు. పిల్లల బడి యాత్రల జ్ఞాపకాలలో ఆ భవనం లోపలి భాగాలు మాత్రమే మిగలగా, దాని అసలు గొప్పతనం బయట, కింద నుంచి చూసినప్పుడు తెలుస్తుంది. ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ పార్కులోని కాలిబాట వెంట వెళితే, ఆకులు రాలిన నవంబరు నుంచి మళ్లీ చిగురించే ఏప్రిల్ చివరి దాకా, కొమ్మల మధ్య నుంచి ఆ కాంక్రీటు గోడలు గట్టును పట్టుకొని కిందికి దిగుతున్న తీరు స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ తీసిన ప్రతి చిత్రానికి తేదీ, నిలిచిన చోటు, చూసిన దిక్కు రాసి ఉంచినట్లయితే, ఆ కట్టడం భవిష్యత్తును నిర్ణయించే చర్చలో ఆ చిత్రాలు సాక్ష్యంగా నిలబడగలవు.